చందుర్తి చేలలో ఏడేండ్ల యుద్ధము



ప్రపంచ చరిత్రలోని ముఖ్య ఘట్టములను ఒక్కొక్కటిగా, క్లుప్తముగా పరిచయము చేయుట ఈ ప్రసంగముల ఉద్దేశము. నేటి వంతు ఏడేండ్ల యుద్ధమునకు వచ్చినది. క్రీస్తుశకము 1756 మొదలు 1763 వఱకు ఐరోపాయందును, అమెరికాయందును, మన దేశమునందును, నడుమనున్న సముద్రముల మీదను జరిగిన పోరాటమునకు ఆ పేరు. ఇది దూరదేశపు కథ గదా, మనకేల యని రేడియో కట్టివేయవలదని పెద్దలను వేడుకొనుచున్నాను. ఈ కథ ఎక్కడెక్కడనో తిరిగి, తుదకు మన పిఠాపురము ప్రక్క చేలలోనికి వచ్చును.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను చదివినది సంస్కృతాంధ్రములు. చేసినది తెలుగు పండితుని ఉద్యోగము. అయినను పల్లెటూరి బడులలో చరిత్ర చెప్పువారు సెలవుపై వెళ్లినపుడు ఆ పాఠము గూడ నాపై పడుచుండెడిది. గోడకు ప్రపంచ పటమును వ్రేలాడదీసి, ప్రష్యా ఇదిగో, కెనడా అదిగో యని బెత్తముతో చూపుచుండెడివాడను. ఆ పాఠము చివర, మన దేశమున జరిగిన యుద్ధముల పట్టికలో, ‘కాండూరు, 1758’ అని ఒక పంక్తి యుండెను. ఒకనాడు వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “అయ్యా, కాండూరు ఎక్కడుందండి?” అని అడిగెను. మచిలీబందరు దగ్గఱ అని చెప్పితిని. పుస్తకములో అట్లే యుండెను. వాడు కూర్చుండక, “మా అమ్మమ్మగారి ఊరు చందుర్తండి. అక్కడ ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఫిరంగులతో కొట్టుకున్నారని మా తాతయ్య చెప్తాడండి. అది వేరే యుద్ధమాండి?” అనెను. పాఠమునకు అడ్డు రావలదని గద్దించి కూర్చుండబెట్టితిని.

ఆ సాయంకాలము మనసు ఊరకుండలేదు. పెద్ద గ్రంథములు తిరుగవేసి చూచితిని. కాండూరును చందుర్తియు ఒక్కటే! ఇంగ్లీషువారి నోటబడి మన ఊరి పేరు అట్లు మాఱినది. నేటి కాకినాడ జిల్లాలో, గొల్లప్రోలు మండలమునందు, నేను ఎన్నియోమార్లు బస్సులో దాటిపోయిన నేలపై జరిగిన యుద్ధమును, ఎక్కడనో పరాయిచోట జరిగినట్లు పిల్లలకు చెప్పుచు వచ్చితిని. మఱునాడు తరగతిలో ఆ బాలుని నిలువబెట్టి, “నీ తాతగారు చెప్పినదే నిజము, నాకు తెలియలేదు” అని ఒప్పుకొంటిని. ఆనాటి ఋణము నేడిట్లు కొంత తీర్చుకొనుచున్నాను.

ఇక కథలోనికి పోవుదము.

ఐరోపా నడిబొడ్డున సైలీషియా యను ప్రాంతము కలదు. సారవంతమైన నేల, నేతపనికి పేరు పడినది. అది ఆస్ట్రియా రాజ్యములోనిది. 1740లో ఆస్ట్రియా సింహాసనమును మేరియా థెరీసా అను యువతి అధిష్ఠించెను. ఆడుది గదా, ఏమి చేయగలదని తలచి, ప్రష్యా రాజగు ఫ్రెడరిక్ ఆ సంవత్సరమే సైలీషియాపై దండెత్తి ఆక్రమించుకొనెను. ఎనిమిదేండ్లు పోరు సాగినది. 1748లో సంధి కుదిరినను సైలీషియా ఫ్రెడరిక్ చేతిలోనే నిలిచెను. ఆ రాణి తన సొత్తును మఱవలేదు. ఫ్రాన్సును, రష్యాను తన ప్రక్కకు త్రిప్పుకొనెను. ఫ్రెడరిక్ ఇంగ్లండుతో చేయి కలిపెను. 1756లో యుద్ధము మరల ప్రజ్వరిల్లెను. ఐరోపాలో దానికి మూలము ఇంతే: ఒక పొలము గట్టు తగవు వంటిది. గట్టు జరిపినవాడు రాజు, పోగొట్టుకొన్నది రాణి. అందుచేత లక్షల జనము కత్తి పట్టవలసి వచ్చెను.

అయితే ఇంగ్లండునకును ఫ్రాన్సునకును సైలీషియాతో పనియేమి? వారి తగవు వేఱు. వారిది సముద్రములకు ఆవలనున్న వర్తకమును గూర్చిన తగవు. అమెరికా ఖండమునందు ఉత్తరమున కెనడా ఫ్రెంచివారిది. తూర్పు తీరమున పదమూడు వలసలు ఇంగ్లీషువారివి. నడుమ ఒహాయో నదీ ప్రాంతము ఎవరిదన్న వివాదము. 1754లోనే అచ్చట తుపాకులు ప్రేలినవి. ఆ చిన్న కొట్లాటలో ఇంగ్లీషువారి పక్షమున ఒక దళమును నడిపినవాడు ఇరువది రెండేండ్ల యువకుడు. పేరు జార్జి వాషింగ్టన్. ఆతడే పిమ్మట ఇంగ్లండుపైననే యుద్ధము చేసి అమెరికా తొలి అధ్యక్షుడాయెను. చరిత్రలో ఇట్టి విచిత్రములు పెక్కు గలవు.

మూడవ రంగము మన దేశము. ఇచ్చట ఈ రెండు జాతుల వర్తక సంఘములును తీరము పొడవునా కోఠీలు కట్టుకొనియుండెను. మన గోదావరి సీమలోనే ఇంగ్లీషువారికి నరసాపురము చెంత మాధవాయిపాలెమునందును, కోనసీమలో బెండమూర్లంకయందును, ఉత్తరమున ఇంజరమునందును కోఠీలుండెను. ఫ్రెంచివారికి యానాము. ఇరువురికిని కావలసినది ముఖ్యముగా మన సాలెవారు నేసిన బట్ట. మాధవాయిపాలెము పేరు ఒక జాతి నూలుబట్టకే పేరై, ‘మడపొల్లము’ అని ఐరోపా నిఘంటువులకు ఎక్కినది. మన మగ్గము మీది బట్ట వారి యిండ్లలో ఎంత చొచ్చుకొనిపోయెనో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఐరోపాలో యుద్ధమన్న వార్త రాగానే ఈ వర్తకులు తక్కెడలు దింపి తుపాకులు పట్టెడివారు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొనిరి. 1748 సంధిలో దానిని తిరిగి ఇంగ్లీషువారికి ఇచ్చివేసిరి. ఏల? అమెరికాలో లూయీబర్గు అను ఫ్రెంచికోటను ఇంగ్లీషువారు పట్టుకొనియుండిరి గనుక, దానికి ఇది చెల్లు! చెన్నపట్టణపు జనము ఆ లూయీబర్గు పేరు వినియైన నుండరు. సంతలో ఒకని ఎద్దునకు మఱొకని ఎద్దును మార్చినట్లు, భూగోళమునకు ఈ వైపునున్న ఊరిని ఆ వైపునున్న కోటకు మార్చుకొనిరి. ఎద్దును మార్చునపుడైనను దాని పండ్లు పట్టి చూతురు.

ఇప్పుడు మన సర్కారుల సంగతి. దక్కను సుబేదారగు సలాబత్ జంగు ఫ్రెంచివారి సేనల బలముతో గద్దెపై నిలిచినవాడు. ఆ సేనల ఖర్చునకై 1753లో ఆతడు శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను వారికి వ్రాసి యిచ్చెను. ముస్తఫానగరమనగా కొండపల్లి సీమ. ఫ్రెంచి సేనాని బుస్సీ మిక్కిలి చతురుడు. ఇచ్చటి రాజుల మర్యాదలు, ఈర్ష్యలు రెండును ఎఱిగినవాడు. విజయనగర ప్రభువగు పెదవిజయరామరాజు ఆతనికి ఆప్తుడాయెను. ఆ విజయరామరాజునకును బొబ్బిలివారికిని గల వైరము మీరెఱిగినదే. 1757 జనవరి 24వ తేదీని బొబ్బిలి కోట కూలినది. స్త్రీలు, శిశువులు కోటలోనే ఆహుతియైరి. కొలది రాత్రులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆతని గుడారములోనే పొడిచి చంపెను. ఈ కథను మనము బుఱ్ఱకథలలో వినుచు కన్నీరు కార్చుచుందుము. అయితే ఆ కథకు తరువాయి యున్నదని మనలో ఎందఱకు తెలియును?

ఆ తరువాయియే చందుర్తి.

విజయరామరాజు పిమ్మట ఆనందరాజు విజయనగర ప్రభువాయెను. ఆతనికి ఫ్రెంచివారిపై మనసు విఱిగినది. 1757లోనే బుస్సీ విశాఖపట్టణమును, మాధవాయిపాలెము, బెండమూర్లంక, ఇంజరములలోని ఇంగ్లీషు కోఠీలను పట్టుకొనియుండెను. ఇంతలో 1758లో ఫ్రాన్సునుండి లాలీ యను క్రొత్త సేనాధిపతి పుదుచ్చేరికి వచ్చెను. ధైర్యశాలియే గాని ముక్కోపి. మన దేశపు తీరు తెలియనివాడు. మద్రాసును ముట్టడింపవలెనను తొందరలో, సర్కారులను ఏలుచున్న బుస్సీని వెంటనే రమ్మని ఆజ్ఞాపించి, ఆతని స్థానమున కాన్‌ఫ్లాన్ అను అనుభవము చాలనివానిని నిలిపెను. పిల్లి లేని యింట ఎలుక గంతులు వేసినట్లు, బుస్సీ వెళ్లినంతనే ఆనందరాజు లేచి విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి లాగుకొని, వచ్చి ఈ సీమలను గెలుచుకొనుడని ఇంగ్లీషువారికి కబురంపెను.

మొదట మద్రాసునకు వ్రాసెను. అచ్చటివారు లాలీ తమపైకి వచ్చునని వణకుచుండిరి. మా వలన గాదనిరి. పిమ్మట కలకత్తాకు వ్రాసెను. అచ్చట క్లైవు ఉండెను. ప్లాసీలో గెలిచి యేడాది దాటినది. ఆతని సభ్యులు వలదనిరి. క్లైవు మాత్రము, సర్కారులలో ఫ్రెంచివారిని కదపినచో మద్రాసు మీది ఒత్తిడి తగ్గునని లెక్కవేసెను. పెద్దలారా, గమనింపుడు. ఆనందరాజు లెక్క ఆనందరాజుది. క్లైవు లెక్క క్లైవుది. విజయనగరమునకు మేలు చేయుటకు ఆ ఓడలు కలకత్తానుండి కదలలేదు.

కర్నల్ ఫోర్డు అనువాడు సుమారు 500 మంది ఐరోపా భటులతోను, 2,000 మంది సిపాయిలతోను 1758 అక్టోబరులో విశాఖపట్టణమున దిగెను. ఆనందరాజుతో ఒడంబడిక జరిగినది. దోపిడి సొమ్ములో చెరిసగము. గెలిచిన సీమలు రాజుగారివి. రేవులును, నదీముఖములందలి పట్టణములును కుంపిణీవి. సైన్యపు ఖర్చునకై రాజు నెలకు 50,000 రూపాయలు ఈయవలెను. ఈ పత్రమును ఒక్కసారి మనసులో నిలుపుకొనుడు. నేల రాజునకు, నేలనుండి లోకమునకు పోవు త్రోవలన్నియు కుంపిణీకి! పొలము నీది, కాలువ తూము నాది యన్నట్టి పంపకము. ఈ డెల్టాలో పుట్టినవారికి తూము ఎవరిదైన పొలము ఎవరిదగునో విప్పి చెప్పనక్కఱలేదు.

కాన్‌ఫ్లాన్ కూడ సుమారు 500 మంది ఐరోపా భటులతోను, 6,000 మంది సిపాయిలతోను రాజమహేంద్రవరమునుండి ఉత్తరముగా నడచివచ్చెను. డిసెంబరు మొదటి వారమున ఇరుసేనలును గొల్లప్రోలు ప్రాంతమున ఒకదానికొకటి కనబడునంత దూరములో విడిసినవి. కొన్ని దినములు ఎవరును కదలలేదు. ఒకనాటి వేకువను ఫోర్డు తన దండును చందుర్తి వైపు నడపెను. అది చూచి కాన్‌ఫ్లాన్, వెనుక దిగబడిన ఆనందరాజు శిబిరముపై ఫిరంగులు ప్రేల్చెను. రాజు కంగారుపడి కబురుపై కబురు పంపగా, ఫోర్డు మరలి వచ్చి ఆతని కలిసికొనెను. పిమ్మట ఇరుసేనలును ఎదురెదురుగా నిలిచినవి.

ఇంగ్లీషువారి మోహరములో తెల్లభటులు నడుమ, సిపాయిలు ఇరుప్రక్కల నిలిచిరి. ఆ నడిమి పటాలము నిలిచిన చోట నిలువెత్తు పైరు గల చేనొకటి యుండెను. ఈ సంగతిని ఆ కాలపు చరిత్రకారుడగు రాబర్టు ఓర్మ్ వివరముగా వ్రాసెను. ఆ పైరు మాటున తెల్లభటులు శత్రువుల కంటికి ఆనలేదు. బంగాళమునుండి వచ్చిన సిపాయిలు ఇంగ్లీషువారివలెనే ఎఱ్ఱకోట్లు తొడిగియుండిరి. సిపాయిలకు ఎఱ్ఱకోటు తొడిగించుట అప్పటికి క్రొత్త. దూరమునుండి చూచి, ఇంగ్లీషు పటాలము వీరే యనుకొని, ఫ్రెంచి తెల్లభటులందఱును ఆ సిపాయిలపై విఱుచుకొనిపడిరి. సిపాయిలు తాళలేక చెదరిరి. గెలిచితిమనుకొని ఫ్రెంచివారు వరుస తప్పి తఱుముకొనుచు పోవుచుండగా, చేనిలోనుండి ఇంగ్లీషు పటాలము బయటికి వచ్చి, ప్రక్కనుండి కాల్చసాగెను. ఫ్రెంచివారు వెనుకకు తిరిగి తమ ఫిరంగుల కడకు పరుగెత్తిరి. ఫోర్డు వెంటాడి ఆ ఫిరంగులను పట్టుకొనెను. పిమ్మట శిబిరమును, అందలి సామానును ఆతనివే యైనవి. కాన్‌ఫ్లాన్ గుఱ్ఱమెక్కి, దారిలో గుఱ్ఱములు మార్చుకొనుచు, ఆ రాత్రికే రాజమహేంద్రవరము చేరెను.

ఒక చేను, ఒక రంగు కోటు: ఈ రెంటి వలన యుద్ధపు ఫలము తేలినది.

నేను ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల ఆ చేనియొద్ద ఆగిపోదును. అది డిసెంబరు మాసము. పైరు నిలువెత్తు ఎదిగినదనగా నాలుగు నెలల కష్టము అందున్నదన్నమాట. ఆ చేను ఎవరిది? ఆ యేడు వాని గాదెలోనికి ఏమి వచ్చినది? పాఱిపోయిన సేనాని గుఱ్ఱములు మార్చిన సంగతి గ్రంథమునకెక్కినది. చేనుగలవాని పేరు ఎక్కలేదు. ముందు వరుసను నిలిచి ఆ తాకిడికి చెదరిన సిపాయిల పేర్లును ఎక్కలేదు. అటు 6,000 మంది, ఇటు 2,000 మంది, రాజుగారి బలగము వేఱు. ఇంతమంది మన దేశీయులు ఒకరినొకరు కాల్చుకొనిరి. వారిలో సైలీషియా యెచ్చటనున్నదో తెలిసినవాడు ఒక్కడైన నుండెనా?

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. ఉత్తరదేశమున, బంగాళమున, కుంపిణీ సిపాయిని ‘తిలంగా’ అని పిలుచు వాడుక యుండెడిది. మొదట దక్షిణమునుండి, మన తెలుగునేలనుండి, అట్టి సైనికులు అటు వెళ్లినందున ఆ పేరు వచ్చినది. అనగా మన జాతి పేరు పరసీమలో జీతపు సైనికునకు మాఱుపేరైనది. బట్టకు మాధవాయిపాలెము పేరు, భటునకు తెలుగువాని పేరు. ఒకటి గర్వింపదగినది. రెండవదానికి గర్వింపవలెనో, విచారింపవలెనో నేటికిని నాకు తేలలేదు.

యుద్ధము గెలిచిన మాపటినుండియే మిత్రుల నడుమ తగవు మొదలాయెను. ఫోర్డు ముందుగా నాక్సు అను అధికారిని పంపగా ఫ్రెంచివారు రాజమహేంద్రవరపు మట్టికోటను విడిచి గోదావరి దాటిపోయిరి. వెంటనే వెంబడించి మచిలీబందరును పట్టవలెనని ఫోర్డు తొందర. ఇంగ్లీషువారు సొమ్మడిగిరి. ఆనందరాజు రేపు, మాపు అనెను. ఫోర్డు గోదావరి దాటి, సొమ్ము రానందున మరల వెనుకకు దాటెను. ఇట్లు నెల దాటిపోయినది. చివరకు ఏదో సర్దుబాటు చేసికొని 1759 జనవరి తుదను బయలుదేఱి, ఏలూరు మీదుగా మార్చిలో బందరుకోట ముందు నిలిచిరి. అచ్చట జీతములు లేక ఇంగ్లీషు భటులే ఎదురుతిరిగిరి. మందుగుండు అయిపోవచ్చెను. వెనుకనుండి సలాబత్ జంగు పెద్ద సేనతో ఫ్రెంచివారికి సాయముగా బెజవాడ దిక్కునకు వచ్చుచుండెను. ఇక నిలిచినను చేటే, మరలినను చేటే యని ఫోర్డు ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కోటపై మూడు వైపుల పడెను. నడువలేనిదని ఫ్రెంచివారు నమ్మియున్న బురదనేలమీదుగా గూడ ఒక దళమును పంపెను. తెల్లవాఱునప్పటికి కోట లొంగినది. పట్టుపడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యకంటె ఎక్కువ! కొలది దినములకే ఫ్రెంచి ఓడలు సాయము తెచ్చినవి గాని, కోటపై పరాయి జెండా చూచి మరలిపోయినవి.

సలాబత్ జంగు గాలి యెటు వీచుచున్నదో చూచుకొనెను. 1759 మే 14వ తేదీని ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొని, మచిలీబందరును చుట్టుపట్ల సీమలతో గూడ వారికిచ్చి, ఫ్రెంచివారిని తన దేశమున ఉండనీయనని మాట యిచ్చెను. ఆ సంవత్సరమే కెనడాలో క్వీబెక్ నగరమును ఇంగ్లీషువారు గెలిచిరి. 1760లో వందవాసియందు లాలీ ఓడెను. 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగినది. 1762లో మద్రాసునుండి ఓడలలో వెళ్లిన సేన స్పెయినువారి మనీలా నగరమును పట్టుకొనెను. ప్రపంచమున నాలుగు మూలల ఒక్కటే మంట.

1763 ఫిబ్రవరి 10వ తేదీని పారిసునందు సంధి జరిగినది. కెనడా ఇంగ్లండునకు పోయెను. పుదుచ్చేరి, యానాము మొదలగు కోఠీలు ఫ్రెంచివారికి తిరిగి వచ్చెను. కాని వారి రాజ్యకాంక్ష అంతటితో సరి. ఆ సంధిపత్రములో మనకు సంబంధించిన యొక నిబంధన కలదు. దక్కనునకు సలాబత్ జంగును న్యాయమైన సుబేదారుగా ఉభయులును అంగీకరించుచున్నామని వ్రాసికొనిరి. అప్పటికి ఆ సలాబత్ జంగు ఎచ్చట నుండెనో తెలియునా? తమ్ముడగు నిజాం అలీ ఆతనిని 1762లోనే గద్దె దింపి బీదరు కోటలో చెఱబెట్టియుండెను. 1763 ముగియకమునుపే ఆ చెఱలోనే ఆతడు మడిసెను. మన దేశమున రాజెవరో నిర్ణయించినవారికి, ఆ రాజు చెఱలోనున్నాడను సంగతియైనను తెలియదు. మన నుదుటి వ్రాత ఎంత దూరమున, ఎంత తెలియనివారిచేత వ్రాయబడెనో దీనికన్న వేఱు సాక్ష్యము వలయునా?

అయిదు దినములకు ఐరోపా రాజులకును సంధి జరిగినది. సైలీషియా ఎవరికి చెందినది? యుద్ధమునకు ముందు ఎవరిదో వారిదే, ఫ్రెడరిక్‌దే. ఏడేండ్ల రక్తపాతమునకు పిమ్మట ఆ పొలము గట్టు అంగుళమైనను జరుగలేదు.

జరిగినవి మన గట్లు. 1765లో మొగలాయి చక్రవర్తి ఫర్మానాతోను, 1766లో నిజాం అలీతో జరిగిన ఒడంబడికతోను సర్కారులు కుంపిణీ వశమైనవి. నెలకు 50,000 ఇచ్చి పిలిచిన విజయనగరమువారు ఆ కుంపిణీకే కప్పము కట్టు జమీందారులైరి. 1794లో పద్మనాభము వద్ద ఆ వంశమునకే చెందిన విజయరామరాజు కుంపిణీ సేన చేత హతుడాయెను. తాత ముత్తాతలు తెఱచిన తలుపు అది. రెండు పిల్లుల తగవును కోతి తీర్చిన కథ మన పసిపిల్లలకు గూడ తెలియును. ఇచ్చట కోతులు గూడ రెండు. రొట్టెకొఱకు కోతులే కొట్లాడుకొన్నవి. పిల్లులు చెరియొక కోతి ప్రక్కన నిలిచి చప్పట్లు చఱచినవి.

గెలిచినవారును సుఖపడలేదనుట న్యాయము. యుద్ధపు అప్పు తీర్చుటకై ఇంగ్లండు తన అమెరికా వలసలపై పన్నులు వేసెను. ఆ పన్నులే అమెరికా స్వాతంత్ర్య యుద్ధమునకు నాంది. ఫ్రాన్సు ఖజానా ఈ యుద్ధముతోను, పిమ్మటి యుద్ధములతోను వట్టిపోగా, 1789లో విప్లవము వచ్చి రాజరికమునే త్రోసివైచెను. లాలీని స్వదేశమువారే ద్రోహియని 1766లో పారిసులో శిరచ్ఛేదము చేసిరి. యానాము మాత్రము ఆ సంధికి గుర్తుగా ఫ్రెంచివారి చేతనుండి, 1954లో మన దేశమున చేరెను. 1962లో ఆ చేరిక చట్టబద్ధమాయెను. నేటికిని మన జిల్లాల నడుమనున్న యానాము పుదుచ్చేరి పాలనలో ఉండుటకు కారణమడిగిన పిల్లవానికి, నాయనా, అది ఆ పాత సంధుల తోక యని చెప్పవచ్చును.

ఇదియే ఏడేండ్ల యుద్ధపు సంగ్రహ కథ. దీనినుండి నేర్వదగిన నీతి యేమని అడుగుదురేని, బొబ్బిలి, విజయనగరముల మాట ఎత్తి, ఇంటి తగవులు పరుల ముంగిట పెట్టరాదని చెప్పవచ్చును. అది నిజమే; గ్రామపెద్దలగు మీకు నేను చెప్పవలసినది కాదు. నేను చెప్పదలచినది మఱియొకటి. ప్రపంచ చరిత్రయనగా పరదేశముల చరిత్ర యని మనలో ఒక భ్రమ కలదు. గోడమీది పటములో మన ఊరు కనబడదు గనుక, పటములో జరుగునది మనకు సంబంధింపదనుకొందుము. చందుర్తి చేను ఆ భ్రమను తీర్చుచున్నది. వియన్నాలో ఒక రాణి కోపము, ఒహాయోలో ఒక తుపాకి చప్పుడు, కలకత్తాలో ఒక వర్తకుని లెక్క, ఇవన్నియు కలిసి ఒక రైతు పైరును త్రొక్కినవి. లోకమున ఏమి జరుగుచున్నదో తెలిసికొనని గ్రామమును లోకము మఱచిపోదు; చెప్పకుండ వచ్చి తలుపు తట్టును.

కడపట ఒక విన్నపము. ఆనాడు బడిలో నిజము తెలిసినవాడు ఉపాధ్యాయుడు కాదు. తాతగారి యొద్ద కథ విన్న పిల్లవాడు. రెండువందల ఏండ్లకు పైబడిన సంగతి, ఏ పుస్తకపు సాయమును లేకుండ, నోటినుండి నోటికి దిగి ఆ పిల్లవాని వఱకు వచ్చినది. ఆ తాతగారు చెప్పకపోయినచో నా తరగతిలో కాండూరు కాండూరుగానే యుండిపోయెడిది. మీ ఊళ్లలో ప్రతి దిబ్బకు, ప్రతి చెఱువునకు, ప్రతి చేనికి ఒక పేరుండును. ఆ పేరు ఏల వచ్చెనో మీలో కొందఱకు తెలియును. మీ మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పుడు; వ్రాయగల వానిచేత వ్రాయింపుడు. మీరు చెప్పినది బడిపుస్తకముతో సరిపడకపోయినచో, ఆ పిల్లవానిని లేచి అడుగుమనుడు. గద్దించు ఉపాధ్యాయుడు ఉండవచ్చును; అయినను అడుగుమనుడు. ఆ సాయంకాలము ఆ ఉపాధ్యాయుడు తప్పక పుస్తకములు తిరుగవేయును.